ఓవర్‌లుక్ అన్నా లుక్ ఓవర్ అన్నా ఒకటే కాదా? మచ్చు పంపి ఇరుక్కున్నాను

అరండల్‌పేట కుర్రాడు:

అందరికీ నమస్కారం. గుంటూరులో ఒక మిర్చి ఎక్స్‌పోర్ట్ ఆఫీసులో చేరి నాలుగు నెలలైంది. పదో తరగతి దాకా తెలుగు మీడియం, తర్వాత బీకాం. ఇంగ్లీషు మెయిల్ వస్తే అర్థమవుతుంది గానీ మనం రాయాల్సి వస్తే మాత్రం టెన్షన్.

పోయిన వారం మలేసియా పార్టీకి తేజ రకం మిర్చి మచ్చు, అంటే శాంపిల్, కొరియర్‌లో పంపాం, అరకిలో చొప్పున రెండు కవర్లు. మా ఓనర్ గారు "మచ్చు పంపామని చెప్పి, ఒకసారి చూసుకోమను, ఏమన్నా తేడా ఉంటే చెప్పమను" అన్నారు. నేను రాసింది ఇది: "ప్లీజ్ ఓవర్‌లుక్ ది శాంపిల్స్ అండ్ డిఫెక్ట్స్ ఇఫ్ ఎనీ." లుక్ అంటే చూడటం, ఓవర్ అంటే పైన, రెండూ కలిస్తే పైనుంచి కిందిదాకా చూడటం అవుతుందనుకున్నా. పైగా మామూలుగా సీ, చెక్ అని రాసేకంటే కాస్త హుందాగా ఉంటుందని కూడా అనిపించింది, అబద్ధం ఎందుకు.

మర్నాడు జవాబు ఒక్క లైనే వచ్చింది. "వాట్ డిఫెక్ట్స్ ఆర్ యూ ఆస్కింగ్ అస్ టు ఓవర్‌లుక్?" ఓనర్ గారు అది చదివి కళ్ళజోడు తీసి "ఏం రాశావయ్యా వాళ్ళకి?" అన్నారు. అప్పుడు ఫోన్‌లో వెతికితే, ఓవర్‌లుక్ అంటే పట్టించుకోకుండా వదిలేయడం అని ఉంది. అంటే మా కాయలో లోపాలున్నాయి, చూసీ చూడనట్టు పోనివ్వండి బాబూ అని మా చేత్తో మేమే రాసిచ్చినట్టయింది.

నా సందేహం ఏంటంటే, లుక్ ఓవర్ అనే మాట ఎక్కడో విన్నాను, అది పరీక్షగా చూడటమే కదా. మరి రెండు మాటలూ అవే అయినప్పుడు అటుది ఇటు తిప్పితే అర్థం ఇంతలా ఎలా మారుతుంది? ఇప్పుడు వాళ్ళకి ఏమని రాస్తే పరువు దక్కుతుంది? కాస్త తొందరగా చెప్పండి, సోమవారం లోపు మెయిల్ పెట్టాలి.


బెంజిసర్కిల్ బాబాయ్:

నవ్వినందుకు ఏమనుకోకు తమ్ముడూ. నేనూ ఇలాంటిదే చేశాను, ఆఫీసు వాళ్ళ పెళ్ళికార్డు ప్రూఫు చూసి "ఐ ఓవర్‌లుక్డ్ ఇట్, నో మిస్టేక్స్" అని పంపా. తీరా కార్డులో ముహూర్తం టైము తప్పు పడింది. అంటే నేను రాసిందే నిజమైంది.


సత్యనారాయణపురం మాస్టారు:

బాబూ, నువ్వు అనుకున్న తర్కంలో తప్పేమీ లేదు, ఆ మాట ఒకప్పుడు ఆ దారినే నడిచింది. పాత ఇంగ్లీషు వాడుకలో ఓవర్‌లుక్ అంటే పైన ఉండి చూసుకోవడం, తనిఖీ చేయడం అనే అర్థం కూడా ఉండేది. మన పీడబ్ల్యూడీలో ఓవర్సీరు అని ఒక ఉద్యోగం ఉండేది, ఆ మాట కట్టుబడీ ఇదే. పైనుంచి చూసేవాడు ఓవర్సీరు, పని వాడి కళ్ళముందు జరగాలి. కానీ పైనుంచి చూసేవాడి చూపు కింద ఉన్నదాన్ని దాటి దూరంగా పోతుంది కదా, అలా మీదుగా దాటిపోయిన చూపు నుంచి "గమనించకపోవడం" వచ్చింది, దాన్నుంచి "గమనించినా పోనీలే అనుకోవడం" వచ్చింది. ఇప్పుడు వాడుకలో నిలిచినవి ఈ రెండూ, ఇంకొకటీ. ఇంద్రకీలాద్రి మీద అమ్మవారి గుడి కృష్ణని ఓవర్‌లుక్ చేస్తుంది అంటే కొండమీంచి నది కనబడుతుందని, అమ్మవారు కృష్ణమ్మని పట్టించుకోవట్లేదని కాదు. హోటలు వాళ్ళు రివర్ ఓవర్‌లుకింగ్ రూమ్ అని ఎక్కువ డబ్బు తీసుకునేదీ ఈ అర్థం మీదే.

ఇంకో సంగతి, ఇది నీకు అక్కర్లేదు గానీ చెప్పకుండా ఉండలేను. పాత ఇంగ్లీషులో, అక్కడి పల్లెల్లో మరీనూ, ఓవర్‌లుక్ అంటే దిష్టి పెట్టడం అని కూడా ఉండేది.

ఓవర్‌సైట్ అనే మాట ఇంకా విచిత్రం. పర్యవేక్షణ అనీ అదే, పొరపాటున చూడకపోవడం అనీ అదే. ఒక్క మాటకి ఎదురెదురు అర్థాలు. మనవాళ్ళకి బాగా తెలిసిన ఉదాహరణ శాంక్షన్. బ్యాంకులో లోన్ శాంక్షన్ అయితే స్వీట్లు పంచుతాం, అదే ఒక దేశం మీద శాంక్షన్స్ పెడితే సరుకు ఆగిపోతుంది.

ఇక అటుది ఇటు తిప్పితే ఎలా మారుతుంది అన్నావు. ఇది నీకు కొత్తేం కాదు, రోజూ వాడుతూనే ఉన్నావు. హైవే మీద బస్సు లారీని ఓవర్‌టేక్ చేస్తుంది. ఒక కంపెనీ ఇంకో కంపెనీని టేక్ ఓవర్ చేస్తుంది. బస్సు లారీని టేక్ ఓవర్ చేసింది అంటామా? ఆఫీసు సెటప్ చేస్తే ఓనరు సంతోషిస్తాడు, అప్‌సెట్ చేస్తే ఏమవుతుందో నీకు పోయిన వారమే తెలిసింది. ముందు అతికిన ఓవర్ క్రియలో కలిసిపోయి కొత్త మాట అయిపోతుంది. వెనక విడిగా నిలిచిన ఓవర్ మాత్రం తన పని తాను చేస్తుంది. పలకడంలో కూడా తేడా ఉంది, ఓవర్‌లుక్‌లో ఒత్తు లుక్ మీద పడుతుంది, లుక్ ఓవర్‌లో ఓవర్ మీద పడుతుంది. చెవికి పట్టిస్తే మర్చిపోవు.

లుక్ ఓవర్ అంటే మొదలు నుంచి చివరిదాకా ఒకసారి చూపు సారించడం. ఇల్లు అద్దెకి దిగేముందు గదులన్నీ ఓసారి తిరిగి చూస్తామే, అలా. త్వరగానే చూస్తాం, కానీ ఏ గదీ వదలం. వాడేటప్పుడు ఒక మెలిక ఉంది. వస్తువు పేరు చెబితే ముందైనా పెట్టొచ్చు, వెనకైనా పెట్టొచ్చు: లుక్ ఓవర్ ది శాంపిల్స్, లుక్ ది శాంపిల్స్ ఓవర్. ఇట్, దెమ్ లాంటివి వస్తే మాత్రం మధ్యలోనే పెట్టాలి: లుక్ దెమ్ ఓవర్. లుక్ ఓవర్ ఇట్ అన్నావంటే వినేవాడికి గోడ మీదుగా అవతలికి తొంగి చూస్తున్నట్టు వినబడుతుంది. మనవాళ్ళు అందరూ ఇక్కడే జారతారు, నలభై ఏళ్ళ సర్వీసులో ఇది తప్పు లేకుండా రాసిన క్లాసు ఒక్కటీ చూడలేదు నేను.


పటమట పిల్ల:

మాస్టారూ దిష్టి సంగతి చదివి పడీపడీ నవ్వాను. అంటే ఈ అబ్బాయి మలేసియా వాళ్ళకి ఎండుమిరపకాయలు పంపి, వీటికి దిష్టి పెట్టండి అని రాశాడన్నమాట! మా అమ్మమ్మ దిష్టి తీసేదే ఆ కాయలతో. ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసేది, ఘాటు రాకపోతే ఎంత దిష్టి తగిలిందో చూశావా అనేది. మీ తేజ కాయ అయితే ఏ ఇంట్లోనూ దిష్టి తగిలిందని తేలదు, వేసిన నిమిషానికి వీధి వీధంతా దగ్గుతుంది.

సరే సీరియస్‌గా ఒక మాట. నేను విజయవాడలో కాల్ సెంటర్‌లో చేశాను. ఎదుటివాళ్ళని చూడమనడానికి చెక్ అవుట్ అని కూడా అంటారు, చెక్ దిస్ అవుట్ అని. అది దోస్తుల భాష. బయ్యరుకి రాయకు. అందులోనూ మనిషిని చెక్ అవుట్ చేయడం అంటే ఎగాదిగా చూడటం, బస్టాండులో కొందరు చూస్తారే, ఆ చూపు. లుక్ ఓవర్ కూడా మనిషి మీద వాడితే కొంచెం అలాగే ఉంటుంది. పెళ్ళిచూపుల్లో పెళ్ళికొడుకు వాళ్ళ అత్తయ్య నన్ను చూసిన చూపుకి సరిగ్గా సరిపోయే ఇంగ్లీషు మాట అదే.


తాడేపల్లి నుంచి:

ఎందుకండీ ఇంత రాద్ధాంతం, ప్లీజ్ గో త్రూ ది శాంపిల్స్ అని రాస్తే సరిపోదూ? మా ఆఫీసులో అన్నిటికీ అదే రాస్తాం.


సత్యనారాయణపురం మాస్టారు:

సరిపోదు నాయనా. గో త్రూ కాగితాలకి బాగుంటుంది, అగ్రిమెంటు, బిల్లు, నివేదిక, అంటే పేజీలు తిప్పేవాటికి. మిరపకాయల్ని గో త్రూ చేయమంటే ఒక్కో కాయా తీసి చూడమన్నట్టో, ఉన్నవన్నీ వాడేసి ఖాళీ చేయమన్నట్టో ఉంటుంది. లుక్ ఇంటూ కూడా రాయకు. అది ఫిర్యాదు వచ్చినప్పుడు ఆరా తీయడం, వాళ్ళు నీకు రాయాల్సిన మాట అది. పెరూజ్ అని ఇంకోటి అర్జీల్లో కనబడుతుంది, దాని జోలికి అసలే పోకు. శ్రద్ధగా చదవడమని కొందరూ పైపైన తిరగెయ్యడమని కొందరూ వాడుతున్నారు, ఎదుటివాడు ఏది అనుకుంటాడో మనకి తెలియదు.


ఆటోనగర్ అన్న:

మా దగ్గర సెకండ్ హ్యాండ్ బండ్లు కొనేవాళ్ళని చూసి ఓ అమెరికా రిటర్న్ అబ్బాయి ఒక మాట చెప్పాడు, కిక్ ది టైర్స్ అని. టైరుని కాలితో ఓ తన్ను తన్ని బండి చూశాననుకోవడం. ఏదైనా కొనేముందు పైపైన పరీక్ష చేసుకోవడానికి వాడతారంట. టైర్ కిక్కర్ అంటే మాత్రం కొనేది లేకుండా బేరాలాడి, గంట టైము తిని, టీ తాగి పోయే బాపతు. ఆ బాపతు మాకు రోజుకి పదిమంది, ఇన్నాళ్ళూ వాళ్ళకి ఇంగ్లీషు పేరుందని తెలియదు.

నిజంగా చూసేవాడు టైరు తన్నడు. ఇంజను చల్లగా ఉన్నప్పుడే రమ్మంటాడు, డిప్‌స్టిక్ తీసి ఆయిల్ వేళ్ళ మధ్య రాసి చూస్తాడు, కార్పెట్ ఎత్తి తుప్పు చూస్తాడు. అదేమంటారు మాస్టారూ ఇంగ్లీషులో?


సత్యనారాయణపురం మాస్టారు:

దానికి గో ఓవర్ ఇట్ విత్ ఎ ఫైన్ టూత్ కోంబ్ అంటారు. సన్నపళ్ళ దువ్వెనతో దువ్వడం. మన ఈర్పెనే అది, పేలు దువ్వేది. ఇంకా అతి చేసి, లేని తప్పులు వెతికితే నిట్‌పికింగ్, అంటే అచ్చంగా ఈర్లు ఏరడం. ఈరు అంటే పేను గుడ్డే కదా. ఇంగ్లీషువాడు పేను గుడ్డు ఏరితే మనం కోడిగుడ్డు మీద ఈకలు పీకుతాం.

వెట్టింగ్ అనే మాట కూడా విని ఉంటావు. అది పశువుల డాక్టరు నుంచి వచ్చింది, వెటర్నరీలోని వెట్. మొదట గుర్రాన్నో ఎద్దునో డాక్టరుకి చూపించడం, తర్వాత మనిషినీ కాగితాన్నీ కూడా అలా చూడటం. ఇప్పుడు లాయరు అగ్రిమెంటుని వెట్ చేస్తాడు.


యార్డులో ముప్పై ఏళ్ళు:

మాస్టారు గారి పాఠం బాగుంది. నాకు ఇంగ్లీషు పెద్దగా రాదు గానీ కాయ చూడటం వచ్చు, అబ్బాయి ఉద్యోగం కాయ మీద కాబట్టి చెబుతున్నా.

అబ్బాయ్, నువ్వు రాసిన మాట తప్పే, కానీ లుక్ ఓవర్ అని రాసినా నాకు నచ్చదు. చూడటం అంటే ఏం చూడాలి? రైతు టిక్కీ, అంటే మిర్చి బస్తా, తెచ్చి దింపితే, కొత్తగా వచ్చిన వ్యాపారి పైన కుట్టు విప్పి పైకాయ చూసి రేటు చెబుతాడు. పైకాయ ఎప్పుడూ బాగానే ఉంటుంది. పెళ్ళికూతురు అన్నంపళ్ళెంలో పైన పెట్టిన జీడిపప్పు లాంటిది అది. మా నాన్న నన్ను యార్డుకి తీసుకెళ్ళిన మొదటిరోజు మోచేతి దాకా చెయ్యి టిక్కీలోకి పెట్టించి మధ్యలోంచి పిడికెడు లాగించాడు. తెచ్చిన కాయని చెవి దగ్గర పెట్టి ఆడించమన్నాడు. ఎండింది గలగలమంటుంది. నెమ్ముంటే గింజ తోలుకి అతుక్కుని ఉంటుంది, చప్పుడు రాదు. పిడికిలి బిగించి వదిలితే బాగా ఎండిన కాయ చిట్లుతుంది, నెమ్ముకాయ నలిగి మళ్ళీ పొంగుతుంది. తర్వాత ఒక కాయ చీల్చి లోపల చూడాలి. పైకి ఎర్రగా నిగనిగలాడే కాయలో బూడిదరంగు బూజు ఉంటుంది ఒక్కోసారి, అది బయటి నుంచి ఎన్నిసార్లు చూసినా కనబడదు. ఆ రోజు సాయంత్రం దాకా చెయ్యి మంట పుట్టి, కడుక్కోకుండా కళ్ళు నులుముకుని ఏడ్చాను, అది వేరే కథ.

మలేసియా వాడికి ఇవేవీ చేతితో చేసే వీలు లేకపోతే కాగితం మీద అడుగుతాడు. నెమ్ము శాతం ఎంత, తాలు, అంటే రంగు పోయి తెల్లబారిన కాయ, ఎంత, తొడిమ ఉందా తీశారా, రంగు ఆస్టాలో ఎంత, కారం స్కోవిల్‌లో ఎంత, బూజు వల్ల పుట్టే విషం అఫ్లటాక్సిన్ రిపోర్టు ఏది. నెమ్ము 11 శాతం దాటిన కాయని కోల్డ్ స్టోరేజీలో పెట్టినా, కంటైనరులో పంపినా బూజుకి పిలుపు పంపినట్టే. కాబట్టి ఒట్టి చూడండి అని రాయకు. నెమ్ము, రంగు, తొడిమ చూసి ఓకే చెప్పండి అని రాయి. ఏ మాట వాడినా వాటి పేర్లు అందులో ఉండాలి.

ఇంకొకటి. వాళ్ళకి మచ్చు తీసింది ఏ టిక్కీ నుంచి, పైనుంచేనా? నిజం చెప్పు.


అరండల్‌పేట కుర్రాడు:

అన్నా, పట్టుకున్నారు. పైనుంచే తీశాను. బస్తాలు మోసే ముఠా వాళ్ళు భోజనానికి వెళ్ళారు, కొరియర్ కుర్రాడు బండి స్టార్ట్ చేసి నిలబడ్డాడు, పై టిక్కీ కుట్టు విప్పి తీసి కవర్లో వేశా.


బెంజిసర్కిల్ బాబాయ్:

మరి అయితే మచ్చుని నువ్వు లుక్ ఓవర్ చేశావా ఓవర్‌లుక్ చేశావా?


ఆటోనగర్ అన్న:

టైరు తన్నాడు.


సత్యనారాయణపురం మాస్టారు:

పిల్లాడిని వదిలేయండి, సోమవారం మెయిల్ పెట్టాలంటున్నాడు. బాబూ, ముందు మాట తప్పు వాడానని ఒప్పుకో, నువ్వు అనుకున్నంత నామోషీ కాదది. ఇలా రాయి: "సారీ ఫర్ ది రాంగ్ వర్డ్ ఇన్ అవర్ లాస్ట్ మెయిల్. వుయ్ మెంట్ లుక్ ఓవర్, నాట్ ఓవర్‌లుక్. ప్లీజ్ ఎగ్జామిన్ ది శాంపిల్స్ ఫర్ మాయిశ్చర్, కలర్ అండ్ స్టెమ్స్, అండ్ టెల్ అస్ ఆఫ్ ఎనీ డిఫెక్ట్ యూ ఫైండ్." లుక్ ఓవర్ అనేది తప్పు సరిదిద్దే వాక్యంలో ఒక్కసారే ఉండనీ. అసలు పని చెప్పే చోట ఎగ్జామిన్ పెట్టు, యార్డు ఆయన చెప్పింది నిజం, లుక్ ఓవర్‌లో లోతు లేదు. నోటిమాటకి, సహోద్యోగికి కాగితం అందించి ఓసారి చూడు అనడానికి అది చక్కని మాట. సరుకు విషయంలో వాళ్ళు రేపు "మేం జస్ట్ లుక్డ్ ఓవర్" అంటే నీ దగ్గర జవాబుండదు.

కైండ్‌లీ డూ ది నీడ్‌ఫుల్ అని చివర తగిలించకు. మనవాళ్ళు మానరని తెలుసు, అయినా చెబుతున్నా.


పటమట పిల్ల:

మాస్టారూ, మరి "చూద్దాంలే" అనడానికి ఇంగ్లీషు ఏంటి? మన దగ్గర చూద్దాంలే అంటే చూడనని కదా.


సత్యనారాయణపురం మాస్టారు:

విల్ లుక్ ఇంటూ ఇట్. మన ఆఫీసుల్లో దానికీ అదే అర్థం.


అరండల్‌పేట కుర్రాడు:

మాస్టారు గారూ, యార్డు అన్నా, అందరికీ థాంక్స్. మీరు రాసిచ్చినట్టే పంపాను, కాకపోతే ఓనర్ గారికి ముందు చూపించి పంపాను. ఆయన చదివి "ఈ నాట్ ఓవర్‌లుక్ ముక్క ఎందుకు, మనమే ఎత్తిచూపినట్టుంది" అన్నారు గానీ తర్వాత ఉండనిమ్మన్నారు.

జవాబు ఇవాళ మధ్యాహ్నం వచ్చింది. "నో ప్రాబ్లమ్. వుయ్ లుక్డ్ దెమ్ ఓవర్. కలర్ గుడ్." దెమ్ మధ్యలోనే ఉంది మాస్టారూ, మొదట కళ్ళకి అదే కనబడింది. కింద ఇంకో లైనుంది, మచ్చు ఏ లాటులోంచి, బస్తాలో ఎంత లోతు నుంచి తీశారని అడిగారు. యార్డు అన్న అడిగిందే అడిగారు వాళ్ళు కూడా.

ఓనర్ గారికి నిజం చెప్పేశాను. కాసేపు ఏమీ అనలేదు, తర్వాత కోల్డ్ వాళ్ళకి ఫోన్ చేశారు. రేపు పొద్దున్నే ఏడింటికి ఇద్దరు ముఠా వాళ్ళని తీసుకుని వెళ్ళి, అడుగు వరసలో ఐదు టిక్కీలు లాగించి, మధ్యలోంచి కొత్త మచ్చు తీసి పంపాలి. మోచేతి దాకా చెయ్యి పెట్టేముందు ఏమన్నా రాసుకోవాలా అన్నా, కొబ్బరినూనె లాంటిది?


యార్డులో ముప్పై ఏళ్ళు:

నూనె రాసుకో, ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేసుకో. కడుక్కునేదాకా చెయ్యి మొహం దగ్గరికి పోనివ్వకు.